చట్టం చేరని గ్రహాన్ని ఎలా కట్టాలి: సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ నడిపేవాళ్ళ కోసం

ప్లేయర్లు ఓడ దిగారు, బార్‌లోకి వెళ్ళారు. పక్క టేబుల్ నుంచి ఎవడో ఒక మాటన్నాడు. మీ ప్లేయర్లలో ఒకరు తుపాకీ తీసి కాల్చేశారు. ఇప్పుడేమవుతుంది?

మొదటిసారి ఇలాంటి గ్రహం నడిపినప్పుడు నా దగ్గర దీనికి జవాబు లేదు. ఇక్కడ పోలీసులు లేరు, కోర్టు లేదు అని నేనే చెప్పి ఉన్నాను. శవాన్ని పక్కకి లాగేసి కథ ముందుకు సాగింది. రెండో సెషన్‌లో, అంటే రెండోసారి ఆటకి కూర్చున్నప్పుడు, ఇంకో ఇద్దరు పోయారు. మూడో సెషన్‌కి వచ్చేసరికి ఎవరు చచ్చినా ఎవరికీ ఏమీ అనిపించడం లేదు. ఆట చప్పబడిపోయింది.

ఆ తర్వాత ఇలాంటి గ్రహాలు చాలా కట్టాను. వాటి వల్ల నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. చట్టం లేని ఊళ్ళో నియమాలు మామూలు ఊరికంటే ఎక్కువ ఉంటాయి. నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయి, తలుపు ఎవరు తీస్తారు, చచ్చినవాడి తరఫున ఎంతమంది వస్తారు అన్నవాటిలో అవి దాగి ఉంటాయి. ఆ నియమాలు కనిపెట్టి పెట్టుకోవడమే గేమ్ మాస్టర్‌గా, అంటే ప్లేయర్ల చుట్టూ లోకాన్ని నడిపే మనిషిగా, మీ పని. ఉదాహరణకి కొరివి అనే గ్రహాన్ని మొదటినుంచి కట్టుకుంటూ వెళ్దాం.

1. చట్టం ఎందుకు రాలేదో ముందు తేల్చుకోండి

1977లో వచ్చిన ట్రావెలర్ అనే సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ప్రతి గ్రహానికీ లా లెవెల్ అని ఒక అంకె ఉంటుంది. సున్నా పడితే అక్కడ ఆయుధాల మీద ఏ నిషేధమూ లేనట్టు. మంచి పద్ధతే, కానీ ఆ సున్నా ఎందుకు పడిందో చెప్పుకునే బాధ్యత మనదే. కారణాన్ని బట్టి ఆట మారిపోతుంది.

అన్నిటికంటే సులువైన కారణం దూరం. భూమి నుంచి అంగారకుడికి రేడియో సంకేతం చేరాలంటే, ఆ సమయానికి రెండు గ్రహాలూ ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఓడ పంపడానికి అనువైన సమయం దాదాపు 26 నెలలకోసారి వస్తుంది. పక్క గ్రహానికే ఇంత వ్యవధి ఉంటే, వేరే నక్షత్రం దగ్గర జరిగిన హత్య మీద ఫిర్యాదు చేసి న్యాయం కోసం ఎన్నేళ్ళు కూర్చోవాలో ఆలోచించండి.

రెండో కారణం, ఇద్దరు ముగ్గురు ఒకేసారి హక్కు చెప్పుకోవడం. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ ఖగోళ వస్తువుని తన సొంత భూమిగా ప్రకటించుకోకూడదు. అదే ఒప్పందంలో, ఓడ ఏ దేశం కింద నమోదైందో ఆ దేశానికి ఓడ మీద, అందులోని మనుషుల మీద అధికారం ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి మీ గ్రహంలోకి లాగండి. నేల ఎవరిదీ కాదు, ప్రతి మనిషీ తాను దిగిన ఓడ తాలూకు చట్టాన్ని మోస్తూ తిరుగుతున్నాడు. ఒక ఓడవాడు ఇంకో ఓడవాణ్ణి చంపితే ఏ చట్టం? ఈ ఒక్క ప్రశ్నతో నాలుగు సెషన్లు నడుస్తాయి.

మూడోది, చట్టం రాకుండా ఎవరో ఆపుతుండటం. అది కంపెనీ కావచ్చు, పెద్ద ప్రభుత్వమే కావచ్చు. కుట్రల కథ మీకిష్టమైతే ఇది పట్టుకోండి.

కొరివికి నేను దూరాన్నే ఎంచుకున్నాను. గస్తీ ఓడ 14 నెలలకోసారి వస్తుంది, 9 రోజులుంటుంది. ఆ 9 రోజుల్లో ఊరు అద్దంలా మెరుస్తుంది. తుపాకులు నేలమాళిగల్లోకి పోతాయి, పారిపోయి వచ్చినవాళ్ళు గ్రహం మీద ఎప్పుడూ రాత్రే ఉండే చీకటి వైపు వెళ్ళిపోతారు, పాత పగలున్నవాళ్ళు ఫిర్యాదు కాగితాలు బయటికి తీస్తారు. గస్తీ ఓడ రావడానికి ఎన్ని రోజులుందో ప్రతి సెషన్ మొదట్లో పైకి చెప్పండి. ఆ అంకె తగ్గుతున్న కొద్దీ ప్లేయర్ల మాట తీరు మారడం మీరే చూస్తారు.

చట్టం ఒక్క గీత దగ్గర ఆగిపోవడం కూడా చరిత్రలో ఉంది. 1898లో కెనడాలోని క్లోండైక్ బంగారం కోసం జనం ఎగబడినప్పుడు, అమెరికా సరిహద్దులోని చిల్కూట్ కనుమ మీద కెనడా పోలీసులు నిలబడి ఏడాదికి సరిపడా తిండి లేనివాళ్ళని వెనక్కి పంపేశారు. సామానంతా కలిపితే మనిషికి దాదాపు టన్ను అయ్యేది. ఆ కనుమకి దగ్గర్లోనే, అమెరికా వైపు స్కాగ్వే ఊరు సోపీ స్మిత్ అనే మోసగాడి ముఠా చేతిలో ఉంది. ఒకే సరిహద్దు, అటు ఒక లోకం, ఇటు ఒక లోకం. మీ గ్రహం మీద అలాంటి గీత ఎక్కడ పడుతుందో చూసుకోండి.

2. గ్రహం మనిషిని ఎలా చంపుతుందో లెక్క కట్టండి

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. దయచేసి దాటొద్దు. గాలి, నీళ్ళు, వెలుతురు అర్థమైతే రాజకీయం దానంతటదే వస్తుంది.

కొరివి ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ, అంటే సూర్యుడికంటే బాగా చిన్న, చల్లటి నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. నిజంగా ఉన్నవాటిలో దీనికి దగ్గరి పోలిక, మనకు 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ప్రాక్సిమా సెంటారీ బి. 2016లో కనుగొన్నారు, అక్కడ ఏడాది అంటే దాదాపు 11 రోజులు. ఇంత దగ్గరగా తిరిగే గ్రహాలు చాలావరకు ఒకే ముఖాన్ని నక్షత్రం వైపు తిప్పి ఉండిపోతాయని శాస్త్రవేత్తలు భావిస్తారు. అంటే ఒక వైపు ఎప్పుడూ పగలు, ఇంకో వైపు ఎప్పుడూ రాత్రి. మధ్యలో సన్నటి సందె పట్టీ. కొరివి మీద మనుషులు బతికేది ఆ పట్టీలోనే. ఊరి పేరు సందెగడ్డ.

ఇప్పుడు లెక్క. కొరివి గాలిలో ఆక్సిజన్ సరిపోదు. ఒక మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. సందెగడ్డలో 400 మంది ఉన్నారు, కాబట్టి రోజుకు 336 కిలోలు. నీటి బరువులో దాదాపు 89 శాతం ఆక్సిజనే కనుక, ఆ 336 కిలోల కోసం రోజుకు 378 కిలోల మంచు కరిగించి విడగొట్టాలి. ఆ మంచు చీకటి వైపు నుంచి బండ్ల మీద వస్తుంది. బండికి 4 టన్నులు పడుతుంది. అంటే ఒక బండి మంచు ఊరంతటికీ పది రోజుల ఊపిరి.

ఈ చిన్న గుణకారం చేశాక నాకు ఆ బండి తోలేవాడు ఎవరో తెలిసిపోయింది. పేరు సూరి. ఊళ్ళో అతనికి ఎవరూ ఎదురు మాట్లాడరు. అతను బార్‌లో డబ్బు కట్టగా ఎవరూ చూడలేదు. ముందు కొమ్ములు మొలిచిన విలన్‌ని ఊహించుకుని తర్వాత అతనికి బలం అంటగట్టడం కంటే ఇది వందరెట్లు నయం.

3. గొంతు మీద చెయ్యి ఎవరిదో రాసుకోండి

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఒక కాగితం చాలు. లేకపోతే పది రోజుల్లో చచ్చిపోయేది ఏది, లేకపోతే ఊరు వదిలి పోలేనిది ఏది, లేకపోతే బయటి లోకానికి మన గొంతు వినిపించనిది ఏది అని మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రతి జవాబు పక్కనా ఒక మనిషి పేరు రాయండి. సంస్థ పేరు వద్దు, మనిషి పేరే. ప్లేయర్లు బేరమాడేది మనిషితోనే.

మూడో ప్రశ్నని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పైన చెప్పిన సోపీ స్మిత్ స్కాగ్వేలో టెలిగ్రాఫ్ ఆఫీసు తెరిచి, ఇంటికి కబురు పంపాలనుకునేవాళ్ళ దగ్గర డబ్బు గుంజేవాడని చెబుతారు. అప్పటికి ఆ ఊరికి టెలిగ్రాఫ్ తీగే రాలేదు. మీ గ్రహం మీద కబుర్లు ఓడల్లోనే పోతుంటే, ఆ సంచీ మోసేవాడు ఎవరి ఉత్తరం పారేస్తాడో, ఎవరిది చదువుతాడో ఆలోచించండి.

4. రాయని నియమాలు: అసలు పని ఇదే

ఇక్కడ మీకున్న సమయంలో సగం పెట్టండి.

కాలిఫోర్నియాలో 1848 తర్వాత బంగారం తవ్వుకోవడానికి వచ్చినవాళ్ళ శిబిరాల్లో మొదట్లో పట్టించుకునే ప్రభుత్వమే లేదు. అయినా ఒక్కో శిబిరం తన నియమాలు తానే పెట్టుకుంది. ఒక మనిషి ఎంత నేల పట్టుకోవచ్చో ముందే అనుకున్నారు. పనిముట్టు గుంతలో వదిలి వెళ్తే ఆ గుంత అతనిదే. ఇన్ని రోజులు పని చెయ్యకపోతే హక్కు పోతుంది. ఇక 930 నుంచి 1262 దాకా ఐస్‌లాండ్‌లో సభ ఉంది, న్యాయస్థానాలున్నాయి, తీర్పు అమలు చేసే రాజు గానీ సైన్యం గానీ లేవు. గెలిచినవాడే తన తీర్పు తాను అమలు చేసుకోవాలి. వెలి వేసినవాణ్ణి ఎవరు చంపినా తప్పు లేదు. ఈ ఒక్క ఏర్పాటుని మీ గ్రహం మీద పెడితే, ప్లేయర్ల దగ్గరికి తీర్పు కాగితం పట్టుకుని ఒక ముసలావిడ వస్తుంది: "గెలిచాను నాయనా. వసూలు చేసిపెట్టేవాళ్ళు లేరు."

నియమాన్ని ఊహించేటప్పుడు గ్రహం నుంచే పుట్టించండి. సందెగడ్డలో నక్షత్రం ఎప్పుడూ దిగంతం మీదే, ఐదు డిగ్రీల ఎత్తులో వేలాడుతూ ఉంటుంది. ఆ ఎత్తులో వెలుతురు పడితే 10 మీటర్ల గోడ నీడ దాదాపు 114 మీటర్లు సాగుతుంది. మన దగ్గర నీడ పొద్దుతో పాటు జరిగిపోతుంది. కొరివి మీద నీడ జరగదు. ఎవరైనా గోడ కడితే వెనకున్న ఇంటి సోలార్ పలకలు ఇక శాశ్వతంగా చీకట్లో ఉన్నట్టే. అందుకని సందెగడ్డలో అన్నిటికంటే పెద్ద తగాదా నీడ తగాదా. ఇల్లు ఒక వరస ఎత్తు పెంచాలంటే వెనక 114 మీటర్లలో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి అడగాలి. ఒక్కరు కాదన్నా కట్టకూడదు. అడక్కుండా కట్టినవాడి గోడని ఊరంతా కలిసి పడగొడతారు, ఆ ఇటుకలు నీడ పడిన ఇంటికి చెందుతాయి.

ఈ నియమం నేను టేబుల్ మీద పెట్టినప్పుడు ఒక ప్లేయర్ తన ఓడని ఎక్కడ దింపిందో గుర్తొచ్చి ఉలిక్కిపడింది. ఓడ ఎత్తు 30 మీటర్లు. అప్పటికే తలుపు బయట ఏడు కుటుంబాలు నిలబడి ఉన్నాయి. ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. ఒక పిల్లాడు మాత్రం ఆరిపోయిన దీపం పట్టుకుని ఉన్నాడు. ఆ సెషన్‌లో ఒక్క తూటా పేలలేదు. అయినా మా గ్రూప్ ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటుంది.

ఇంకో నియమం. ఎర్ర మరుగుజ్జులు తరచూ భగ్గుమంటాయి. జ్వాల లేచినప్పుడు వెలుగు ముందు వస్తుంది, ప్రమాదకరమైన కణాల వాన కాస్త వెనక వస్తుంది. నా ఆటలో ఆ మధ్య వ్యవధి 20 నిమిషాలు. సైరన్ మోగితే అందరూ రాతి గుహల్లోకి పరుగెత్తాలి. గుహ తలుపు దగ్గర ఎవరినీ వెనక్కి పంపకూడదు. అప్పులవాణ్ణి, శత్రువుని, హంతకుణ్ణి, ఎవరినైనా సరే. లోపల ఉన్నంతసేపూ పగ తీర్చుకోకూడదు. ఒకసారి తలుపు మూసినవాడికి ఆ తర్వాత ఊళ్ళో ఏ తలుపూ తెరుచుకోదు.

ప్రతి నియమానికీ ఎవరు అమలు చేస్తారు, తప్పితే ఏమవుతుంది, ఎవరు తప్పించుకుంటున్నారు అని రాసుకోండి. ఆ మూడోది చాలా ముఖ్యం. నియమం ఎవరికో ఒకరికి వర్తించకపోతే, ప్లేయర్లు అక్కడే వేలు పెడతారు. మొత్తం మీద నాలుగైదు నియమాలు చాలు. ఎక్కువ పెడితే ఎవరికీ గుర్తుండవు.

5. ముందునుంచీ ఉన్నవాళ్ళని మర్చిపోవద్దు

సరిహద్దు కథల్లో నేల ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు చెబుతారు. చరిత్రలో అది దాదాపు ఎప్పుడూ అబద్ధమే. 1876లో అమెరికాలో బంగారం కోసం డెడ్‌వుడ్ అనే ఊరు లేచిన నేల, 1868 ఒప్పందం ప్రకారం అక్కడి ఆదివాసులైన లకోటా ప్రజలది. కాబట్టి మీ గ్రహం మీద ముందు ఎవరున్నారో నిజాయితీగా నిర్ణయించండి. ఎవరూ లేరంటే అదీ సరే. ఉంటే మాత్రం వాళ్ళని దారి కాచే గుంపుగానో, మంత్రాలు చెప్పే ముసలివాళ్ళుగానో వాడుకోకండి. వాళ్ళకీ పేర్లు, తగాదాలు, బేరాలు, పొరపాట్లు ఉండాలి. కొరివి మీద రెండు తరాల క్రితం వచ్చి, కంపెనీ వదిలేసి పోయిన కూలీల మనవలు చీకటి వైపు ఉన్నారు. మంచు గనులు తవ్వింది వాళ్ళ తాతలు. సూరి బండి నింపేది వాళ్ళే. సందెగడ్డలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

6. గుంపులు, వాటి గడియారాలు

మూడు గుంపులు చాలు. రెండైతే మంచి, చెడు అని విడిపోతాయి. ఐదైతే మీకే టెన్షన్. ఒక్కో గుంపుకి కావలసినదేమిటో, అది దొరక్కుండా అడ్డున్నది ఎవరో ఒక్కో వాక్యంలో రాయండి. తర్వాత ఒక్కో గుంపుకి ఒక వృత్తం గీసి ఆరు ముక్కలు చెయ్యండి. ప్లేయర్లు పట్టించుకోని ప్రతి సెషన్‌కీ ఒక ముక్క నింపండి. ఆరూ నిండితే ఏమవుతుందో ముందే రాసి ఉంచుకోండి. ఉదాహరణకి చీకటి వైపు జనం గడియారం నిండితే మంచు ధర రెట్టింపవుతుంది. రెండోసారి నిండితే బండ్లు ఆగిపోతాయి. ప్లేయర్లు ఏమీ చెయ్యకపోయినా లోకం కదులుతూనే ఉండాలి.

మ్యాప్ కోసం ఎక్కువ కష్టపడొద్దు. ఊరు, గుహలు, ఓడలు దిగే చోటు, మంచు దారి గీసి, వాటి మధ్య ఎన్ని గంటల ప్రయాణమో రాయండి. కిలోమీటర్లు ఎవరూ అడగరు, మాస్క్‌లో గాలి ఎన్ని గంటలకి సరిపోతుందని అడుగుతారు.

7. డైస్‌కి కొంత పని ఇవ్వండి

ఊళ్ళో అడుగు పెట్టినప్పుడల్లా ఏదో ఒకటి జరగాలి. దానికి ఆరు ముఖాల డైస్ రెండు వేసి కలపండి. 36 అవకాశాల్లో 7 ఆరుసార్లు వస్తుంది, 2 గానీ 12 గానీ ఒక్కొక్కసారే వస్తాయి. కాబట్టి 6, 7, 8 దగ్గర ఊరి మామూలు బతుకు పెట్టండి: నీడ గురించి కేకలు, మాస్క్ ఫిల్టర్ అరువు అడిగే పొరుగువాడు, మంచు బండి చుట్టూ మూగిన పిల్లలు. 4, 5, 9, 10 దగ్గర గుంపుల పనులు. 3, 11 దగ్గర సైరన్. 2కి గస్తీ ఓడ రావలసిన దానికంటే ముందే రావడం. 12కి నేను పెట్టుకున్నది, ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టని ఒక మనిషి మంచు దారిలో మాస్క్ లేకుండా నడిచి రావడం. అదేమిటో నాకూ ముందు తెలియదు. పడినరోజు ప్లేయర్లు చేసే ఊహల్లోంచి మంచిది ఒకటి తీసుకుంటాను.

8. మొదటి సెషన్‌కి ముందు, మొదటి సెషన్‌లో

చట్టం లేని లోకం అంటే కొందరు ప్లేయర్లకి ఏ క్రూరత్వమైనా చెయ్యొచ్చు అన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు ఒక పూట కూర్చుని మాట్లాడుకోవాలి. పిల్లల మీద హింస, లైంగిక హింస, బానిసత్వం లాంటివి టేబుల్ మీదికి రావాలా వద్దా, వస్తే ఎంతవరకు అని ప్రతి ఒక్కరినీ అడగండి. ఒక్కరు వద్దన్నా అది ఉండదు, కారణం అడగక్కర్లేదు. గ్రహానికి చట్టం లేకపోయినా టేబుల్‌కి ఉండాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అలాగే ప్రతి క్యారెక్టర్‌కీ ఊళ్ళో ఒకరికి బాకీ, ఒకరి మీద ఇష్టం ముందే పెట్టించండి. వీళ్ళకి ఊరితో ఏ బంధమూ లేకపోతే, మీరు ఎన్ని నియమాలు కట్టినా వాళ్ళు ఓడెక్కి వెళ్ళిపోతారు.

ఇక మొదటి సెషన్. బార్‌తోనే మొదలుపెట్టండి, పాతబడిపోయిన చోటే అయినా పనికొస్తుంది. ఎవడో ఒక మాటంటాడు. ప్లేయర్లలో ఒకరు తుపాకీ తీస్తే ఆపకండి. కాల్చనివ్వండి. పడిపోయినవాడు సూరి. బార్‌లో ఎవరూ అరవరు. గిన్నెలు కడిగే ఆవిడ గోడ మీదున్న పలక దగ్గరికి వెళ్ళి, మంచు నిల్వ ఎన్ని రోజులుందో రాసి ఉన్న అంకెని చూస్తుంది. 6. అందరూ అదే చూస్తారు.

సరిగ్గా అప్పుడు సైరన్ మోగించండి. ప్లేయర్లు జనంతో పాటు గుహలోకి పరుగెత్తుతారు. తలుపు దగ్గర ఎవరూ ఆపరు, జరిగి చోటిస్తారు. తలుపు మూసుకున్నాక, ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నది సూరి చెల్లెలని పక్కవాళ్ళు చెబుతారు. బండి తోలడం ఊళ్ళో ఇంక ఆమెకొక్కదానికే వచ్చు. ఆమె చేతుల మీద ఇంకా తడి ఆరని రక్తం. ఆమె ప్లేయర్ల వైపే చూస్తోంది, ఏమీ అనడం లేదు. జ్వాల తగ్గడానికి ఐదు గంటలు పడుతుందని ఎవరో అంటారు.

అక్కడ మాట్లాడటం ఆపేసి, మీ నోట్స్ మూసి, ప్లేయర్లలో ఒకరు నోరు తెరిచేదాకా ఆగండి.